కంప్యూటర్ లేని రోజుల్లో గేరు తనే ఎలా మారేది?

చెన్నై పక్కన ఒరగడంలో 2010లో అల్లిసన్ కంపెనీ ఫ్యాక్టరీ తెరిచింది. లారీలకీ బస్సులకీ ఆటోమేటిక్ గేర్‌బాక్సులు చేసే కంపెనీ అది. ఇప్పుడైతే గేరు ఎప్పుడు మారాలో కంప్యూటర్ చెబుతుంది. మరి అది లేనప్పుడు ఎవరు చెప్పేవారు? ఈ ప్రశ్నే నాచేత ఈ వ్యాసం రాయించింది.

1929లో అల్లిసన్‌ని కొన్నది జనరల్ మోటార్స్. అదే కంపెనీ 1939లో హైడ్రామాటిక్ గేర్‌బాక్సు తెచ్చి, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో పెట్టింది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా ట్యాంకుల్లో కూడా దాన్ని వాడారు.

దాని లోపల గవర్నర్ ఉండేది. 1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి పెట్టిన, గిరగిర తిరిగే గుండ్ల గవర్నర్‌కి ఇది చుట్టమే. బండి వేగం పెరిగితే గవర్నర్ బరువులు బయటికి జరిగి ఆయిల్ ఒత్తిడి పెరుగుతుంది. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ ఇంకో ఒత్తిడి పెరుగుతుంది. రెండూ ఒక వాల్వును చెరోవైపు నుంచి నెడతాయి. వేగం తాలూకు ఒత్తిడి గెలిస్తే పై గేరు పడుతుంది. అందుకే మెల్లగా తొక్కితే గేరు తొందరగా మారుతుంది, గట్టిగా తొక్కితే ఆలస్యంగా మారుతుంది.

గేరు మరీ ముందో, మరీ ఆలస్యంగానో మారుతుంటే, యాక్సిలరేటర్ నుంచి వచ్చే కడ్డీనో కేబుల్‌నో మెకానిక్ సరిచేసేవాడు. కొన్ని బండ్లలో అది వదులైతే ఒత్తిడి తగ్గి, లోపలి క్లచ్ జారి కాలిపోయేది.

అంటే బండి తనే గేరు మార్చుకున్నా, ఎప్పుడు మార్చాలో నేర్పింది మనిషి చెయ్యే. మౌంట్ రోడ్డు ట్రాఫిక్‌లో రోజంతా క్లచ్ తొక్కే మన బస్సు డ్రైవర్ల ఎడమకాలిని తలుచుకుంటే, ఆ పాత ఆలోచన విలువ నాకు బాగా తెలుస్తోంది.