నలభై చుక్కల లెక్క

పాత బస్టాండ్ గోడల మీద, రైలు పట్టాల పక్క ప్రహరీల మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసిన ప్రకటనలు చూడని తెలుగువాడు ఉండడు. నరాల బలహీనత, శీఘ్రస్ఖలనం, స్వప్నస్ఖలనం, చిన్నతనపు తప్పులు, వీటన్నిటికీ గ్యారంటీ చికిత్స. ఆ రాతలన్నిటికీ పునాది ఒకే నమ్మకం. నలభై చుక్కల రక్తం కలిస్తే ఒక్క చుక్క వీర్యమట, అది పోతే ఒంట్లో సత్తువ పోయినట్టేనట. ఇది మన పెద్దల నుంచి వచ్చిన జ్ఞానమని చాలామంది అనుకుంటారు. నమ్మకం పాతదే కావచ్చు. కానీ దాన్ని ఇంత భయంకరమైన జబ్బుగా మార్చి, ఊరూరా తిప్పి, నిలబెట్టింది మాత్రం మందుల వ్యాపారమే. దీనికి సాక్ష్యం మన దేశంలోనే కాదు, యూరప్‌లోనూ ఉంది.

1710ల్లో లండన్‌లో పేరులేని రచయిత ఒకరు ‘ఒనానియా’ అనే చిన్న పుస్తకం వేశారు. హస్తప్రయోగం పాపమే కాదు, ఒంటిని గుల్ల చేసే రోగం కూడా అని దాని సారాంశం. ఆ రోగానికి ఒక టింక్చరూ ఒక పొడీ ఉన్నాయని, కొనుక్కోమని అదే పుస్తకం చెప్పింది. ముద్రణ మీద ముద్రణ పడుతుంటే, తమ బాధలు చెప్పుకున్న పాఠకుల ఉత్తరాలతో పుస్తకం లావెక్కింది. అంటే రోగమూ మందూ ఒకే అట్టల మధ్య పుట్టాయి. 1760లో స్విట్జర్లాండ్ వైద్యుడు టిస్సో ఈ భయానికి వైద్యశాస్త్రపు గౌరవం తెచ్చిపెట్టాడు. ఒక ఔన్సు వీర్యం పోవడం నలభై ఔన్సుల రక్తం పోవడం కంటే ఎక్కువ నష్టమని ఆయన రాశాడు. మన గోడల మీది నలభై అంకె అక్కడా ఉందన్నమాట. తర్వాతి శతాబ్దంలో ఫ్రాన్స్‌లో లాలెమాన్ అనే సర్జన్ వీర్యనష్టాన్ని ప్రత్యేక వ్యాధిగా వర్ణించి, మూత్రనాళం లోపల సిల్వర్ నైట్రేట్‌తో కాల్చే చికిత్స చేశాడు. లేని రోగం కోసం మనుషులు అంత నొప్పి భరించారు.

అప్పటికి నిజం తెలుసుకునే దారి లేదా అంటే, ఉంది. ‘ఒనానియా’ కంటే దాదాపు నలభై ఏళ్ల ముందే, 1677లో, డెల్ఫ్ట్ పట్టణపు బట్టల వ్యాపారి లేవెన్‌హుక్ తన చేత్తో అరగదీసుకున్న గాజుబిళ్ల కింద వీర్యాన్ని పెట్టి, తోకలాడిస్తూ ఈదే జీవకణాలను చూసి, లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఆ కణం అండంలోకి చేరి కలవడాన్ని జర్మన్ శాస్త్రవేత్త హెర్ట్‌విగ్ సముద్రపు జీవుల్లో గమనించి చెప్పడానికి మాత్రం 1876 దాకా పట్టింది. ఈ రోజు తెలిసినదేమిటంటే, ఒకసారి వెలువడే వీర్యం సాధారణంగా ఒక చెంచాకు మించదు. అందులో శుక్రకణాల వాటా అతి కొద్ది. మిగిలినదంతా శుక్రకోశాలు, ప్రోస్టేట్ గ్రంథి స్రవించే ద్రవమే. కణాలకు శక్తినిచ్చే ఫ్రక్టోజ్ అనే చక్కెర కూడా అందులోదే. రక్తం గడ్డకట్టి వీర్యమయ్యే ఏర్పాటేదీ ఒంట్లో లేదు. వృషణాల్లో ఒక కణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. తయారీ మాత్రం రోజూ ఆగకుండా సాగుతూనే ఉంటుంది. వాడని కణాలు లోపలే విచ్ఛిన్నమై ఒంట్లో కలిసిపోతాయి. దాచుకుంటే పెరిగే నిధి కాదు అది.

మరి ఆయుర్వేదం సంగతేమిటని అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. రసం, రక్తం, మాంసం, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రం అనే ఏడు ధాతువుల్లో శుక్రం చివరిది, సారమంతా దిగిన ధాతువు. దాన్ని కాపాడుకోమని ఆ గ్రంథాలు చెప్పిన మాట వాస్తవం. మైక్రోస్కోపు లేని కాలంలో ఒంటిని ఒక వరుసలో అర్థం చేసుకోవాలని చేసిన గొప్ప ప్రయత్నమది. అయితే అదే ఆయుర్వేదపు ఎనిమిది అంగాల్లో వాజీకరణం ఒకటి. దాంపత్య సుఖం, సంతానం దాని లక్ష్యాలు. కామాన్ని పురుషార్థాల్లో ఒకటిగా లెక్కించిన సంప్రదాయం పదహారేళ్ల కుర్రవాడిని నిద్రలో జరిగినదానికి భయపెట్టి డబ్బు గుంజమని చెప్పలేదు. శాస్త్రం పేరు పలికి సరుకు అమ్మినవాడి తప్పును చరకుడి నెత్తిన వేయకూడదు.

ఇంకొక అభ్యంతరం దీనికంటే బరువైనది. నీరసం, నిద్రపట్టకపోవడం, గుండెదడ అనుభవిస్తున్న మనిషితో నీకేమీ లేదంటే ఎలా? అతని బాధ నిజమే, కారణం మాత్రం వేరు. 1960లో మనోవైద్యుడు ఎన్.ఎన్. విగ్ ఈ పరిస్థితికి ‘ధాత్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. మూత్రంలో తెల్లగా కనిపిస్తే ధాతువు పోతోందని కుంగిపోయేవారికి, ఆ తెలుపు చాలాసార్లు ఫాస్ఫేట్ లవణాల వల్ల వచ్చే మసక మాత్రమేనని ఎవరూ చెప్పరు. తగ్గించాల్సింది ఆందోళననూ కుంగుబాటునూ. దానికి మంచి చికిత్స ఉంది. ఇది ఒక్క భారతీయుల మనస్తత్వంలోనే పుట్టిన జబ్బు అనడం కూడా తప్పు. టిస్సో, లాలెమాన్‌ల పాఠకులు పడిందీ ఇదే బాధ.

మన చట్టం ఈ వ్యాపారాన్ని పట్టించుకోకుండా లేదు. 1954లో వచ్చిన డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం లైంగిక సామర్థ్యం పెంచుతామనే ప్రకటనలను నేరం చేసింది. మొదటిసారి నేరం రుజువైతే ఆరు నెలల దాకా జైలు. 1959 డిసెంబరులో సుప్రీంకోర్టు హమ్‌దర్ద్ దవాఖానా కేసులో ఆ చట్టంలో కొన్ని భాగాలను కొట్టేసినా, అలాంటి ప్రకటనలను ఆపడం వాక్‌స్వాతంత్ర్యానికి భంగం కాదని తేల్చింది. విజయవాడ వైద్యులు డాక్టర్ సమరం వంటివారు పత్రికల్లో ఏళ్ల తరబడి ఓపికగా సమాధానాలు రాశారు. అయినా గోడలు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాయి. ఎందుకంటే ఇళ్లు మాట్లాడవు. మీ ఇంట్లో పద్నాలుగు, పదిహేనేళ్ల అబ్బాయి ఉంటే, నిద్రలో వీర్యం పోవడం జబ్బు కాదని, ఆ గోడ అతనికి ఇంకేదో చెప్పకముందే మీరు చెప్పండి.