వాపు రాని కాలికి మందు

మద్రాసు మెడికల్ కాలేజీ ఆపరేషన్ గది. గాంధీ పిలుపు విని ఊరూరా విదేశీ బట్టలు మంటల్లో వేస్తున్న రోజులు. లోపలికొచ్చిన భీమవరం కుర్రాడు అందరిలాగే గౌను తొడుక్కున్నాడు. అయితే ఆ గౌను ఖద్దరుది. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ కంటికి అది ఆనింది. దొర ముఖం మాడిపోయింది.

కుర్రాడు గౌను మార్చలేదు. రాత పరీక్షలు బాగానే రాశాడు. అయినా 1921లో చేతికొచ్చింది ఎం.బి.బి.ఎస్. పట్టా కాదు, దానికి ఒక మెట్టు దిగువనున్న ఎల్.ఎం.ఎస్. మద్రాసు మెడికల్ సర్వీసులో చేరబోతే అక్కడా చోటు దొరకలేదు. ఆ కుర్రాడి పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

ఖద్దరంటే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చే ఊరు శ్రీకాకుళం జిల్లా పొందూరు. వాలుగ చేప దవడ పళ్లతో పత్తిని దువ్వి, ఏకి, నూరో నంబరు నూలు వడికే ఆడవాళ్లు ఈ ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు. ఆ నూలు గుంత మగ్గం మీద గుడ్డవుతుంది. నేతగాడు నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దింపి కూర్చుంటాడు. పైన చెయ్యి నాడెను విసురుతుంటే కింద పాదాలు చెక్కల్ని మార్చి మార్చి తొక్కుతాయి. చూసేవాళ్ల కళ్లన్నీ చేతుల మీదే ఉంటాయి గానీ, నేతలో సగం పని కాళ్లది. పాదం బరువెక్కితే మగ్గం ఆగిపోతుంది.

శ్రీకాకుళం, విజయనగరం తీరం పొడుగునా కాళ్లను పట్టే తెగులు ఒకటి తరతరాలుగా ఉంది. బోదకాలు. మురుగులో పెరిగే క్యూలెక్స్ దోమ దాన్ని మోసుకొస్తుంది. నూలుపోగులాంటి పురుగులు శోషరస నాళాల్లో చేరి ఐదారేళ్లు కాపురం ఉంటాయి. వాటి పిల్లలు లక్షల్లో రక్తంలోకి దిగుతాయి. ఖద్దరు కోసం చదువు దగ్గర నష్టపోయిన మనిషే, పాతికేళ్ల తర్వాత, ఖద్దరు నేసే కాళ్లను కాచే మందు తయారు కావడానికి కారకుడయ్యాడు. సుబ్బారావు గురించి రాసేవాళ్లు క్యాన్సర్ మందు దగ్గర ఆగిపోతారు. మన తీరానికి ఆయన చేసిన మేలు మాత్రం ఈ బిళ్లలోనే ఎక్కువుందని నా నమ్మకం.

మధ్యలో నడిచిన దారి చిన్నది కాదు. సొంత అన్నదమ్ములిద్దరు ఎనిమిది రోజుల తేడాలో స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టదు, నెత్తురు విరిగిపోతుంది, మనిషి కళ్లముందే ఎండిపోతాడు. అదే రోగం తననూ పట్టుకుంటే ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి బతికించారు. ఆ తర్వాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం చెప్పి, మామగారి సాయంతో 1923 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగాడు. పగలు హార్వర్డ్‌లో చదువు. రాత్రుళ్లు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తిపోసే కూలి.

1925లో రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టి తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి ప్రకటించాడు. జీవరసాయన ప్రయోగశాలల్లో అది దశాబ్దాలపాటు నిత్యం వాడకంలో ఉంది. కండరానికి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద పని ఆ వెంటనే వచ్చింది. అంత చేసినా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ కంపెనీకి వెళ్లి పరిశోధనల బాధ్యత తీసుకున్నాడు.

అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది స్ప్రూ రోగుల మీద పనిచేసింది. తన ఇంట్లో ఇద్దరిని మింగిన రోగానికి మందు తన ప్రయోగశాలలోంచే వచ్చిందన్నమాట! ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే రసాయనాలను కూడా అదే బృందం తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చి చూశాడు. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. తాత్కాలికంగానే అయినా, ఆ పిల్లల్లో రోగం వెనక్కి తగ్గింది. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ ఇవాళ మన ఆసుపత్రుల్లో పిల్లల లుకేమియాకూ కీళ్లవాతానికీ వాడుతున్న మందు.

దీనికి ముందే రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. పసిఫిక్ దీవుల్లో దిగిన అమెరికా సైనికులను శత్రువు తుపాకీ ఒక్కటే కాదు, సమోవా దోమ కూడా పడగొట్టింది. వేలమందికి బోద పురుగు సోకింది. గజ్జల్లో బిళ్లలు కట్టాయి, వృషణాలు వాచాయి, కుర్రాళ్లు భయంతో కుంగిపోయారు. అప్పటిదాకా ఉన్న మందులు ఆర్సెనిక్, ఆంటిమొనీ. సూదిలో ఎక్కించాలి, పురుగుతోపాటు మనిషినీ పీడించేవి. మన తీరంలో వందల ఏళ్లుగా ఉన్న రోగం తెల్ల సైనికుడి కాలికి వచ్చాకే ప్రయోగశాలల తలుపులు తెరుచుకున్నాయన్నది చేదుగా ఉన్నా నిజం.

లెడర్లీలో హ్యూయిట్ అనే శాస్త్రవేత్త, సుబ్బారావు, వారి సహచరులు ముందు ఒక జంతువును ఎంచుకున్నారు. అమెరికా పత్తి చేలల్లో తిరిగే ఎలుక. దానికి సహజంగానే బోద జాతి పురుగు ఒకటి సోకుతుంది. రసాయనం తర్వాత రసాయనం ఎలుకలకు ఇవ్వడం, తోక నుంచి నెత్తురు చుక్క తీయడం, మైక్రోస్కోపు కింద పురుగు పిల్లలను లెక్కపెట్టడం. చాలా రసాయనాలకు అంకె కదలలేదు. పైపరజీన్ వర్గంలోని ఒకదానికి మాత్రం పడిపోయింది. కుక్కల గుండె పురుగు మీద చూశారు, అక్కడా పిల్లలు మాయం. దాని పేరు డైఇథైల్ కార్బమజీన్, పొట్టిగా డీఈసీ. లెడర్లీ పెట్టిన పేరు హెట్రజాన్. 1947లో ప్యూర్టోరికోలో బోద రోగులకు ఇచ్చారు. సూది లేదు, నోటితో మింగే బిళ్ల. రక్తంలో పురుగు పిల్లలు రోజుల్లోనే తగ్గిపోయాయి.

మరుసటి ఏడాది ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశాడు. యాభై మూడేళ్లు. పాతికేళ్లు అమెరికాలో పనిచేసినా ఆ దేశపు పౌరసత్వం తీసుకోలేదు.

మన దేశంలో జాతీయ బోదవ్యాధి నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. దానికి పట్టిన అసలు చిక్కు మందుది కాదు, పొద్దుది. ఈ పురుగు పిల్లలు పగలంతా లోపలి అవయవాల్లో దాక్కుని, దోమ కుట్టే వేళకు పై రక్తంలోకి వస్తాయి. నెత్తురు రాత్రే తీయాలి. అందుకే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆరోగ్య కార్యకర్తలు భోజనాల వేళ దాటాక టార్చిలైటు, గాజు పలకలు, సూదులు పట్టుకుని వీధులు ఎక్కేవారు. పొందూరు చుట్టుపక్కల ఏ నేతవీధిలోనైనా వినిపించే మాటలు ఇలాగే ఉంటాయి.

"ఏటమ్మా, పగలంతా ఏటి సేసినారు? సీకటడ్డాక రగతం తీస్తారేటి?"

"పగలు తీస్తే పురుగు కనపడదు మావయ్యా. ఒక్క సుక్కే. ఏలు ఇయ్యి."

"నాకేటీ నేదు గదా! కాలు సూడు, సక్కగుంది. ఆ సివరింటి మామ్మకి ఎట్టండి మీ బిళ్లలు, దాని కాలు ఏనుగు కాలైపోనాది."

ఈ కథకు కీలకం ఆ మూడో మాటలో ఉంది. మావయ్య చెప్పింది తర్కానికి నిలిచేదే. రోగం ఉన్నవాడికే కదా మందు! కానీ బోద విషయంలో ఆ తర్కం తలకిందులు. మామ్మ కాలు ఏళ్ల కిందటే నాళాలు పాడై వాచిపోయింది. ఆమె రక్తంలో ఇప్పుడు పురుగు పిల్లలు ఒక్కటీ ఉండకపోవచ్చు. చక్కని కాళ్లున్న మావయ్య ఒంట్లోనే వేలల్లో తిరుగుతుండవచ్చు. దోమ ఆయన దగ్గర తాగి పక్కింటి పసివాడిని కుడుతుంది. ఆ పసివాడికి కాలు వాచేది ముప్పై ఏళ్లకో, నలభైకో. మందు మింగవలసింది వాపు రాని కాళ్లు.

అందుకే 2004 నుంచి దేశమంతటా బోద జిల్లాల్లో ఏడాదికోసారి అందరికీ మందు. రెండేళ్లు దాటిన పిల్లలకు డీఈసీ ఒక బిళ్ల, ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా రెండు, ఆపైన మూడు. తోడుగా ఒక అల్బెండజోల్. గర్భిణులకు, రెండేళ్ల లోపు పిల్లలకు, తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లకు ఇవ్వరు. పరగడుపున మింగకూడదు. మింగిన రాత్రి కొందరికి జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు వస్తాయి. తెల్లారేసరికి "బిళ్లలు పడ్డంలేదు" అన్న మాట వీధంతా పాకిపోతుంది. సాధారణంగా ఆ జ్వరం ఒంట్లో పురుగులు చస్తున్న జ్వరం. అది వచ్చినవాడికే ఆ మందు అందరికంటే ఎక్కువ అవసరం. ఈ ఒక్క ముక్క ముందురోజే నిదానంగా చెప్పే మనిషి ఉంటే సగం బిళ్లలు గూట్లోకి పోవు.

పరిశోధన అక్కడ ఆగిపోలేదు. పపువా న్యూగినీలో చేసిన ఒక పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. పాత రెండు మందులకు ఐవర్‌మెక్టిన్ కలిపి ఒక్కసారి ఇస్తే, ఏడాది తర్వాత 96 శాతం మంది రక్తంలో పురుగు పిల్లలు లేవు. రెండు మందులే మింగినవారిలో ఆ అంకె 32. మూడు మందుల పద్ధతిని మన దేశం కూడా కొన్ని జిల్లాల్లో అందుకుంది. ఇంకో దారి కూడా తెరుచుకుంది. పెద్ద పురుగు ఒంట్లో వోల్బాకియా అనే బాక్టీరియా ఉంటుందని, అది లేకపోతే పురుగు పిల్లల్ని కనలేదని తేలింది. డాక్సీసైక్లిన్ నాలుగు నుంచి ఆరు వారాలు వాడితే ఆ బాక్టీరియా చస్తుంది. డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబానిది. ఆ కుటుంబంలో మొట్టమొదటి మందు ఆరియోమైసిన్ 1948లో సుబ్బారావు నడిపిన లెడర్లీ ప్రయోగశాలల నుంచే వచ్చింది, బెంజమిన్ డగ్గర్ చేతుల మీదుగా.

మరి మామ్మ కాలు? దాన్ని మునుపటిలా చేసే బిళ్ల ఇప్పటికీ లేదు. వాచిన కాలికి డాక్సీసైక్లిన్ ఇచ్చి ఆఫ్రికాలోనూ దక్షిణాసియాలోనూ ఇటీవల పరీక్షలు చేశారు. మందు మింగినవారికీ ఉత్తుత్తి బిళ్ల మింగినవారికీ పెద్ద తేడా కనపడలేదు. కానీ రెండు జట్లవారికీ కాలు కడుక్కోవడం శ్రద్ధగా నేర్పారు, రెండు జట్లలోనూ చలిజ్వరాలు తగ్గాయి. నా మట్టుకు ఇదే ఈ పరీక్షల్లో అన్నిటికన్నా విలువైన ఫలితం. వాచిన కాలిని ఏటా ఇంకా లావెక్కించేది గజ్జల్లో బిళ్ల కట్టి వచ్చే ఆ చలిజ్వరమే. దానికి తలుపు వేళ్ల సందుల్లోని ఒరుపు, పగులు, పుండు.

రోజుకోసారి సబ్బుతో, మామూలు నీళ్లతో మోకాలి నుంచి కిందికి కడగాలి. మడతల్లోనూ వేళ్ల సందుల్లోనూ మెత్తని గుడ్డతో ఒత్తి తడి లేకుండా తుడవాలి. ఒరిసినచోట లేపనం రాయాలి. కూర్చున్నప్పుడూ పడుకున్నప్పుడూ కాలు ఎత్తులో పెట్టుకోవాలి. ప్రభుత్వం ఇచ్చే సంరక్షణ కిట్‌లో తొట్టి, మగ్గు, సబ్బు, తువాలు, లేపనం ఉంటాయి. కిట్ చేతిలో పెట్టి సంతకం తీసుకుంటే సరిపోదు. ఇచ్చిన రోజే పీట వేసుకుని కూర్చుని, మామ్మ కాలు ఒకసారి కడిగి చూపించాలి. పక్కన కోడలుంటే మరుసటి రోజు నుంచి ఆమె చూసుకుంటుంది. బిళ్లలు కూడా ఇంట్లో ఇచ్చి పోకూడదు, ఎదుటే మింగించాలి.

మగవాళ్ల సంగతి వేరు. ఇదే పురుగు వల్ల బుడ్డ దిగినవాళ్లు పంచె కింద దాచుకుని ఏళ్లు గడుపుతారు. మగ్గం గుంతలో కూర్చునేవాడికి అది ఎంత నరకమో చెప్పనక్కర్లేదు. దానికి ఆపరేషన్ ఉంది, జిల్లా ఆసుపత్రిలో చేసేదే, మళ్లీ పనిలోకి వెళ్లొచ్చు. కానీ బిళ్లలు తెచ్చిన ఆశా కార్యకర్త ఆడకూతురు, ఆమెతో ఆ మాట ఏ మావయ్యా అనలేడు. ప్రతి వీధికీ ఒకసారి మగ ఆరోగ్య కార్యకర్త విడిగా వెళ్లి, అరుగు మీద కాకుండా లోపల కూర్చుని అడగాలి.