నర్సు టోపీ: డీకనెస్ పరిచర్యలో దాని మూలం

నర్సు ధరించే తెల్లని టోపీ సన్యాసినుల ముసుగు నుండి వచ్చిందని సాధారణంగా చెబుతారు. కథోలిక సిస్టర్ల విషయంలో ఆ మాటకు ఆధారం ఉంది. అయితే ప్రొటెస్టంటు పరిచర్యలో ఆ టోపీ మఠంలో నుండి కాక, ఇల్లాలి తలమీద నుండి వచ్చింది. సంఘ చరిత్ర చదివేవారు ఈ భేదాన్ని గమనించాలి.

జర్మనీలో రైను నది ఒడ్డున కైజర్స్‌వెర్త్ అనే చిన్న ఊరు ఉంది. 1822లో అక్కడి బీద సంఘానికి పాస్టరుగా వచ్చిన థియోడోర్ ఫ్లీడ్నర్, భార్య ఫ్రీడెరికెతో కలిసి 1836లో ఆస్పత్రిని, డీకనెస్ గృహాన్ని ప్రారంభించారు. రోమా పత్రిక 16వ అధ్యాయంలోని ఫీబే పరిచర్యను తిరిగి నిలబెట్టాలని వారి ఆశ. ఒక వైద్యుని కుమార్తె గెర్‌ట్రూడ్ రైఖార్ట్ మొదటి డీకనెస్ అయ్యారు.

కాని అప్పట్లో పెళ్లికాని స్త్రీ ఒంటరిగా వీధిలో నడవడం, పరాయి రోగులను ముట్టి సేవ చేయడం గౌరవమైన పని కాదు. అందుకే ఫ్లీడ్నర్ తన డీకనెస్‌లకు ఆనాటి మధ్యతరగతి గృహిణుల దుస్తులే నిర్ణయించారు: నీలి గౌను, తెల్లని ఏప్రాన్, గడ్డం కింద ముడివేసే కుచ్చుల తెల్లటోపీ. జర్మన్ భాషలో ఒక స్త్రీ 'టోపీ కిందికి వచ్చింది' అంటే ఆమెకు పెళ్లయిందని అర్థం. మన దేశంలో పెళ్లికాని అమ్మాయికి మెట్టెలు తొడిగి పనికి పంపినట్టు ఊహించుకోండి! ఆ టోపీని చూసి జనం దారి ఇచ్చారు.

అయితే ఆ గౌరవం పెళ్లైన స్త్రీ నుండి అరువు తెచ్చుకున్నదే. డీకనెస్‌కు జీతం లేదు. భోజనం, బట్టలు, చేతి ఖర్చులకు కొంత డబ్బు ఇచ్చేవారు. వ్యాధిలోను వృద్ధాప్యంలోను మాతృగృహం ఆమెను చూసుకొనేది. నిజంగా పెళ్లి చేసుకుంటే మాత్రం ఆమె ఆ పరిచర్యను విడిచిపెట్టవలసిందే. ఒంటరి స్త్రీని ఆమె ఉన్న స్థితిలోనే గౌరవించడం సంఘానికి అప్పుడూ కష్టమే అయ్యింది.

ఫ్లోరెన్స్ నైటింగేల్ 1850లో కైజర్స్‌వెర్త్‌ను చూచి, 1851లో సుమారు మూడు నెలలు అక్కడ ఉన్నారు. 1849లో ఫ్లీడ్నర్ స్వయంగా నలుగురు డీకనెస్‌లను అమెరికాలోని పిట్స్‌బర్గ్‌కు తీసుకువెళ్లారు. తర్వాతి కాలంలో ఆస్పత్రుల టోపీ చిన్నదై, గడ్డం కింది ముడి పోయింది. దానిని కుట్టే పద్ధతి కూడ తేలికైంది. గుడ్డను కత్తిరించి, అంచులు మడిచి కుట్టి, గట్టిగా గంజి పెట్టి, పరచి ఇస్త్రీ చేస్తారు. ముందు అంచును పైకి మడిచి, వెనుక భాగాన్ని దగ్గరకు తెచ్చి బొత్తాముతోనో పిన్నుతోనో బిగిస్తారు. ఉతకడానికి విప్పితే మళ్లీ ఒక్క గుడ్డ ముక్కే!

తెలుగు నేలమీద కూడ ఇదే చిక్కు ఎదురైంది. లూథరన్ మిషనరీగా 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ ఆస్పత్రి 1898లో ప్రారంభమైంది. పరాయివారి మలమూత్రాలెత్తే పనికి కూతుళ్లను పంపడానికి అగ్రకులాలవారు ఇష్టపడని ఆ రోజులలో, మిషను ఆస్పత్రులలో ఆ పనికి ముందుకు వచ్చినవారు ఎక్కువగా క్రైస్తవ అమ్మాయిలే. వారి గౌరవం కోసం మన సంఘాలు ఎంత నిలబడ్డాయో పరిశోధక విద్యార్థులు వెదకవలసిన విషయం.

1970ల నుండి పాశ్చాత్య ఆస్పత్రులు ఈ టోపీని క్రమంగా విడిచిపెట్టాయి. పురుష నర్సుల సంఖ్య పెరగడం, టోపీని శుభ్రంగా ఉంచడం కష్టం కావడం అందుకు కొన్ని కారణాలు. కైజర్స్‌వెర్త్‌లో ఆస్పత్రి నేటికీ నడుస్తోంది. అయితే దానికి ఉన్న పేరు రైఖార్ట్‌ది కాదు, నైటింగేల్‌ది.