ఊరికే ఉన్న మెదడు ఊరుకోదు

ఏ పనీ పెట్టుకోకుండా వెల్లకిలా పడుకున్న మనిషి మెదడులో ఏం జరుగుతుందన్నది చాలాకాలం ఎవరికీ పెద్ద ప్రశ్న కాలేదు. పని చేస్తున్నప్పటి కొలతలోంచి తీసేయాల్సిన అంకెగానే విశ్రాంతిని లెక్కగట్టేవారు.

సూచనలు మాత్రం ముందే అందాయి. జర్మనీలోని యేనాలో హన్స్ బెర్గర్ 1924లో తొలిసారి మనిషి మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేశారు. కళ్లు మూసుకుని నెమ్మదించగానే సెకనుకు పదిసార్ల చొప్పున లయగా లేచే తరంగాలు, కళ్లు తెరవగానే అణిగిపోయేవి. 1955లో లూయీ సోకలాఫ్ బృందం మనుషుల చేత నోటిలెక్కలు చేయించి చూసింది. మెదడు మొత్తం వాడే ఆక్సిజన్ పెరగనే లేదు! ఒంటి బరువులో 2 శాతమే ఉన్న మెదడు, ఒంటి శక్తిలో దాదాపు 20 శాతం తినేస్తుంది. ఏదైనా పని చెప్పినా ఆ ఖర్చుకు అదనంగా కలిసేది సాధారణంగా 5 శాతం లోపే. అంటే ఖర్చులో సింహభాగం పనితో నిమిత్తం లేనిదే.

అసలు మలుపు 1995లో వచ్చింది. అమెరికాలోని మిల్వాకీలో భారత్ బిశ్వాల్ అనే భారతీయ విద్యార్థి, ఎమ్మారై సంకేతాల్లోని రొద సంగతి తేల్చే పనిలో ఉన్నారు. వేళ్లు కదిపించి, చేతి కదలికలను నడిపే చోటును మెదడులో గుర్తించారు. తర్వాత అదే మనిషిని కదలకుండా పడుకోబెట్టి చూస్తే, ఎడమవైపు ఆ చోట నెమ్మదిగా హెచ్చుతగ్గులవుతున్న సంకేతంతో పాటే కుడివైపు జోడీ కూడా హెచ్చుతగ్గులవుతోంది. ఒక్కో ఆటుపోటుకు పది సెకన్ల పైమాటే. గుండె కొట్టుకోవడం వల్లనో ఊపిరి వల్లనో పుట్టిన రొదేనని చాలామంది కొట్టిపారేశారు. అందరూ వడకట్టి పారబోస్తున్నదాన్ని ఆగి చూడటమే ఆయన గొప్పతనమని నా నమ్మకం.

2001లో సెయింట్ లూయిస్‌లో మార్కస్ రెయికిల్ బృందం, పనిలో పడగానే చురుకు తగ్గించుకునే ప్రాంతాలకు ‘డిఫాల్ట్ మోడ్’ అని పేరుపెట్టింది. ఆ ప్రాంతాలు విశ్రాంతిలో ఒకదానితో ఒకటి లయ కలుపుతాయని 2003లో స్టాన్‌ఫర్డ్‌లో మైకేల్ గ్రైసియస్ బృందం చూపింది.

కానీ రెండు ప్రాంతాలు కలిసి ఊగినంత మాత్రాన ఒకటి రెండోదాన్ని నడిపిస్తోందని చెప్పలేం. మూడోది ఏదో రెండింటినీ కదిలిస్తూ ఉండవచ్చు. ఈ తేడాను శాస్త్రవేత్త కార్ల్ ఫ్రిస్టన్ 1990లలోనే గట్టిగా చెప్పారు. ఏది ముందు కదిలిందో చూస్తే తేలిపోతుంది కదా అనిపిస్తుంది. చిక్కేమిటంటే, ఎమ్మారై చూసేది నాడీకణాలను కాదు, వాటి వెనక మెల్లగా వచ్చే రక్తప్రవాహాన్ని. ఆ ఆలస్యం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. అందుకే ఫ్రిస్టన్ బృందం 2003లో మరో దారి పట్టింది: ఏది దేన్ని ఎంత ప్రేరేపిస్తుందో, ఎంత అణచివేస్తుందో ముందు ఊహించి గణిత నమూనా కట్టడం, ఏ నమూనా కొలతలకు బాగా సరిపోతుందో తూచడం. విశ్రాంతికి తగిన రూపం 2014లో వచ్చింది. అయినా అది ఊహించి తేల్చినదే గానీ ప్రత్యక్షంగా చూసినది కాదు.

ప్రత్యక్షంగా తెలియాలంటే ఒక చోట తట్టి, ఇంకెక్కడ కదులుతుందో చూడాలి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మార్సెల్లో మస్సిమిని, జూలియో టొనోనీ 2005లో సరిగ్గా అదే చేశారు. పుర్రె బయటినుంచి అయస్కాంతంతో ఒక్క తట్టు తట్టారు. మెలకువగా, ఊరికే ఉన్నవారిలో ఆ అల దూర ప్రాంతాలకు పాకి, దాదాపు 300 మిల్లీసెకన్లపాటు తిరిగింది. అదే మనుషులు గాఢ నిద్రలోకి జారాక తడితే, అల పుట్టినచోటే ఆరిపోయింది.