తప్పటడుగుల డిటెక్టివమ్మ

డిటెక్టివ్ నవలల్లో ఆడవాళ్లు కొత్తేమీ కాదండీ. 1897లోనే అమెరికన్ రచయిత్రి అన్నా కేథరిన్ గ్రీన్ అమీలియా బటర్‌వర్త్ అనే ప్రౌఢను పరిశోధనకు దింపింది. 1930లో అగాథా క్రిస్టీ మిస్ మార్పుల్ నవలకెక్కింది. ఇద్దరూ గడుసువాళ్లే. చదువుతుంటే ముచ్చటే గానీ, అంత తెలివి మనకెక్కడిదని నాకు బెంగ!

1994లో జానెట్ ఇవనోవిచ్ సృష్టించిన స్టెఫనీ ప్లమ్ ఆ బెంగ తీర్చింది. ఉద్యోగం ఊడి, చేతిలో డబ్బాడక, బెయిలు ఎగ్గొట్టినవాళ్లను పట్టితెచ్చే పనికి దిగిందీ ట్రెంటన్ అమ్మాయి. తుపాకీని బిస్కట్ల డబ్బాలో దాస్తుంది. ఆవిడ కార్లు పేలిపోతుంటాయి. అయినా మర్నాడు మళ్లీ బయల్దేరుతుంది. మగవాడి పొరపాటును అనుభవమనీ, మనం చేస్తే 'నీకెందుకమ్మా ఈ పని?' అనీ అనే లోకంలో, తప్పులు చేస్తూనే పని నేర్చుకోవచ్చని నవ్విస్తూ చెప్పింది. చాలదూ?