నాయకురాలు నాగమ్మ

నాయకురాలు నాగమ్మ (క్రీ.శ. 12వ శతాబ్దం) పల్నాటిని గురజాల రాజధానిగా ఏలిన హైహయ వంశపు నలగామరాజుకు మంత్రిణి. పల్నాటి యుద్ధానికి దారితీసిన రాజకీయంలో బ్రహ్మనాయుడికి దీటైన ప్రత్యర్థి. 'ఆరవెల్లి నాగమ్మ' అని కూడా అంటారు.

తొలి జీవితం

కరీంనగర్ ప్రాంతంలోని ఆరవెల్లిలో రామిరెడ్డి అనే రైతు ఇంట నాగమ్మ పుట్టిందని ప్రచారంలో ఉన్న కథ. తర్వాత కుటుంబం గురజాల దగ్గరి జిట్టగామాలపాడుకు వలస వచ్చింది. చిన్ననాడే పెళ్లయి, చిన్ననాడే భర్తను పోగొట్టుకుంది. పుట్టింటనే ఉండి చదువు, వ్యవసాయం, ఊరి వ్యవహారం నేర్చింది.

మంత్రిత్వం

నలగాముడి తండ్రి అనుగురాజు, వెలనాటి చోళుల ఆడపడుచు మైలమదేవిని పెళ్లాడి పల్నాటిని అరణంగా పొందాడు. ఒకసారి పరివారంతో జిట్టగామాలపాటికి వచ్చినప్పుడు నాగమ్మ చేసిన మర్యాదకు సంతోషించి, కోరిన వరమిస్తానన్నాడట. ఆమె అడిగింది నగలు కాదు, మాన్యం కాదు. ఏడు ఘడియల మంత్రిత్వం. అంటే నేటి లెక్కలో మూడు గంటలకు 12 నిమిషాలు తక్కువ. రాజు నవ్వుకుని ఇచ్చిన మాటను ఆమె పత్రంగా రాయించుకుని దాచింది. నలగాముడు గద్దెనెక్కాక దాన్ని చూపించి కొలువులో అడుగుపెట్టింది. ఆ కాస్త వ్యవధిలోనే రాజు నమ్మకం సంపాదించి మంత్రిణిగా స్థిరపడింది.

అనుగురాజు కాలం నుంచీ మంత్రిగా ఉన్న రేచర్ల బ్రహ్మనాయుడి ప్రాబల్యం ఆమె రాకతో తగ్గింది. అతను వైష్ణవుడు, చాపకూటితో అన్ని కులాలనూ ఒక పంక్తిన కూర్చోబెట్టి, మాలవాడైన కన్నమదాసును కొడుకుగా చూసుకున్నవాడు. నాగమ్మ శైవురాలు. నలగాముడి సవతి తమ్ముడు మలిదేవుడి పక్షాన బ్రహ్మనాయుడు నిలవడంతో రాజ్యం రెండుగా చీలి, మాచర్ల రెండో రాజధాని అయింది.

కోడిపందెం, యుద్ధం

రెండు పక్షాల మధ్య జరిగిన కోడిపందెంలో నాగమ్మ కోడి గెలిచింది. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచిపోవాలన్నది షరతు. మలిదేవుడి వర్గం వలస వెళ్లింది. గెలుపు మోసంతో వచ్చిందని వీరగాథలు చెబుతాయి. గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి నలగాముడి అల్లుడైన అలరాజు రాయబారిగా వచ్చాడు. అతనికి చర్లగుడిపాడులో విషం పెట్టించారని, ఆ పన్నాగం నాగమ్మదేనని అవే గాథలు నిందిస్తాయి. సంధికి దారి మూసుకుపోయింది.

నాగులేటి ఒడ్డున కారంపూడిలో యుద్ధం జరిగింది. చరిత్రకారులు దీన్ని 1176-1182 మధ్య ఉంచుతారు. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు సహా వీరులు పెక్కుమంది నేలకొరిగారు. నాగమ్మ స్వయంగా సేనను నడిపిందని, ఓడిన ఆమెను బ్రహ్మనాయుడు ప్రాణాలతో విడిచిపెట్టి, నలగాముడికే రాజ్యం అప్పగించి గుత్తికొండ బిలానికి వెళ్లిపోయాడని కథ. ఈ పోరులో వెలనాటి చోళుల బలం కరిగి, తీరాంధ్రలో కాకతీయులకు దారి తెరుచుకుంది.

కావ్యాల్లో, రంగస్థలంపై

తర్వాత రెండు శతాబ్దాలకు పైగా కథ గాయకుల నోటనే బతికింది. 15వ శతాబ్దంలో శ్రీనాథుడు దాన్ని ద్విపదలో 'పల్నాటి వీరచరిత్ర'గా రాశాడని ప్రతీతి. పల్నాటివాడే అయిన అక్కిరాజు ఉమాకాంతం 1911లో ఆ కావ్యాన్ని పరిష్కరించి ప్రకటించాడు. మెచ్చదగిన ఆ కృషితో కథ పల్నాడు దాటి చదువరులందరికీ చేరింది. ఉన్నవ లక్ష్మీనారాయణ 'నాయకురాలు' నాటకం రాశాడు.

1947 నాటి 'పల్నాటి యుద్ధం' చిత్రాన్ని గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టగా, ఆయన మరణానంతరం ఎల్.వి.ప్రసాద్ పూర్తిచేశాడు. అందులో నాగమ్మ కన్నాంబ, బ్రహ్మనాయుడు గోవిందరాజుల సుబ్బారావు, బాలచంద్రుడు అక్కినేని నాగేశ్వరరావు. గుత్తా రామినీడు తీసిన 1966 నాటి చిత్రంలో భానుమతి నాగమ్మగా, ఎన్.టి.రామారావు బ్రహ్మనాయుడిగా నటించారు. కన్నాంబ, భానుమతి వంటి నటీమణులు వేయడంతో ఆ పాత్రకు రాజసం అబ్బింది. 1974లో అలిసెట్టి గాలెయ్య పాడిన గాథను రికార్డు చేసిన అమెరికన్ పరిశోధకుడు జీన్ రోగేర్, 1982లో దాన్ని ఇంగ్లీషులో ప్రచురించాడు.

అంచనా

నాగమ్మను ప్రపంచంలోనే తొలి మహిళా మంత్రి అనడం పల్నాట పరిపాటి. ఆ మాట నిలవదు. ఆమెకు దాదాపు అయిదు వందల ఏళ్ల ముందే చైనాలో షాంగ్వాన్ వానర్ (664-710) అనే కవయిత్రి, సామ్రాజ్ఞి వు జెటియన్ కొలువులో రాజశాసనాలు రాసి రాజకీయం నడిపింది. ఆమె పద్యాలు 32 దాకా మిగిలాయి. 2013లో సమాధి, శిలాఫలకం బయటపడ్డాయి. నాగమ్మ గురించి తెలిసేది మాత్రం ప్రధానంగా బ్రహ్మనాయుడిని కొలిచే గాయకుల నోట. రాజవంశం కాదు, రాజబంధువు కాదు. పల్లెటూరి వితంతువు కొలువును శాసించిందని ఆ గాయకులే ఒప్పుకున్నారు. ఆమె ప్రజ్ఞకు ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

ఏటా కార్తీక అమావాస్యకు కారంపూడిలో వీరుల ఉత్సవాలు అయిదు రోజులు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు వాటి పేర్లు. వీటిలో రాయబారం, కోడిపోరు నాగమ్మ రాజకీయంతో ముడిపడిన ఘట్టాలు.