ఎన్‌ఐసీయూలో ఉన్న బిడ్డతో మాట్లాడొచ్చా? తల్లిదండ్రులు తెలుసుకోవాల్సినవి

నాంపల్లికి దగ్గర్లో, రెడ్ హిల్స్‌లో ఉన్న నిలోఫర్ ఆసుపత్రి 1953లో ఏర్పాటైంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలను జిల్లాల నుంచి కూడా ఇక్కడికి తీసుకొస్తుంటారు. బరువు, ఆక్సిజన్ సంగతులతో పాటు తల్లిదండ్రులు డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్న మరొకటి ఉంది. మేం బిడ్డతో మాట్లాడొచ్చా?

అంత చిన్న బిడ్డకు వినిపిస్తుందా?

సాధారణంగా గర్భంలో ఆరో నెల దాటేసరికి శబ్దాలు వినే శక్తి మొదలవుతుంది. ముందే పుట్టిన బిడ్డకు ఆ సమయంలో అమ్మ గొంతుకు బదులు మానిటర్ల మోతే ఎక్కువగా వినిపిస్తుంది. ఎన్‌ఐసీయూలో పెద్దల మాటలు ఎక్కువగా విన్న పిల్లలకు 18 నెలల వయసులో భాష పరీక్షల్లో మెరుగైన స్కోర్లు వచ్చినట్లు అమెరికాలో జరిగిన ఒక చిన్న అధ్యయనం 2014లో తెలిపింది.

ఎప్పుడు, ఎలా మాట్లాడాలి?

బిడ్డను ఛాతీకి ఆనించుకునే కంగారూ మదర్ కేర్ సమయం ఇందుకు అనువైనది. రోజుకు 8 నుంచి 24 గంటలు ఇలా ఉంచుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. నాన్న, అమ్మమ్మ కూడా ఇలా ఎత్తుకోవచ్చు. తెలుగు, ఉర్దూ, లంబాడీ, ఏదైనా సరే, ఇంట్లో మాట్లాడే భాషలోనే మెల్లగా పలకరించండి. లాలిపాట, చిన్న కథ చాలు. ఫోన్‌లో పాటలు పెట్టి బిడ్డ పక్కన ఉంచొద్దు.

ఎప్పుడు ఆపాలి?

బిడ్డ ముఖం తిప్పుకున్నా, వేళ్లు బిగుసుకుని విచ్చుకున్నా, రంగు మారినా మాటలు ఆపి నర్సుకు చెప్పండి.

పుస్తకాలు తీసుకెళ్లొచ్చా?

ఆబిడ్స్ ఫుట్‌పాత్‌పై ఆదివారం పిల్లల పాత పుస్తకాలు చవగ్గా దొరుకుతాయి. ఇన్‌ఫెక్షన్ భయం ఉంటుంది కాబట్టి వాటిని వార్డులోకి తేవొద్దు. బయట చదువుకుని, లోపల కథ చెప్పండి.

డిశ్చార్జ్ సమయంలో ఏం అడగాలి?

వినికిడి పరీక్ష అయిందా, లేకపోతే ఎప్పుడు చేస్తారని అడగండి. ఎన్‌ఐసీయూలో ఉన్న పిల్లలకు వినికిడి లోపం ముప్పు ఎక్కువ. ఆలస్యమైతే మాటలూ ఆలస్యమవుతాయి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పరీక్షలు, చికిత్స ఉచితం. రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డకు ఎనిమిదో నెల వచ్చినా, మాటల విషయంలో ఆరు నెలల బిడ్డగానే లెక్కించాలి. వినికిడి పరీక్షకు మాత్రం ఈ లెక్క చూసుకుని ఆగొద్దు.